అంతోనివారి పుస్తకం, మా బైబిలమ్మ పేరు

పోయిన ఏడాది మా అత్తమ్మ కమ్మ పోయింది. పత్తి ఏరి ఇంటికొచ్చి చూసుకుంటే ఎడమ చెవి బోసిగా ఉంది. మేమంతా టార్చిలైట్లు పట్టుకుని చేనుకు బయలుదేరుతుంటే ఆమె మాత్రం గోడ మీదున్న ఫొటో ముందు నిలబడి, "అంతోనివారా, నీకు తెలుసు గదా, అది మా అవ్వగారు పెట్టింది" అన్నది. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే అన్నది. మర్నాడు పొద్దున ఒడి కట్టుకున్న పాత చీరె మడతలో కమ్మ దొరికింది. అత్తమ్మ కొవ్వొత్తి వెలిగించింది.

ఆ కొవ్వొత్తి చూసి నాకు లోపల ఏదో ముల్లులా గుచ్చుకుంది. నేను పుట్టి పెరిగింది నాగర్‌కర్నూల్ వైపు, ఎం.బి. (మెన్నోనైట్ బ్రెదరెన్) చర్చిలో. మా ఇంటి గోడ మీద వాక్యం రాసిన క్యాలెండర్ తప్ప ఒక్క బొమ్మ ఉండేది కాదు. "దేవునికీ మనిషికీ నడుమ యేసయ్య ఒక్కడే బిడ్డా, ఇంకెవ్వరూ లేరు" అని అమ్మ చెప్పేది. పెళ్లయ్యాక నల్లగొండ దగ్గర ఒక ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఇంటికి వచ్చాను. ఇక్కడ మరియమాత, చిన్న తెరేజమ్మ, అంతోనివారు, సెబాస్త్యానువారు అందరూ వరుసగా గోడ మీద ఉన్నారు. మొదటి రెండేళ్లు ఆ గోడ వైపు చూడకుండానే ప్రార్థన చేసుకున్నాను.

కమ్మ దొరికిన వారం, అసలు ఈ అంతోనివారు ఎవరని అత్తమ్మను అడిగాను. "పోయినవి దొరకబట్టిస్తడు" అన్నది. ఇంకా? "మంగళవారం ఆయన ప్రార్థన." ఇంకా? ఆమె నా మొహం చూసి ఊరుకుంది. మామయ్యకూ తెలియదు. మా ఆయనకూ తెలియదు. నలభై ఏళ్లుగా ఇంట్లో ఉన్న మనిషి ఎక్కడ పుట్టాడో, పొద్దున లేచి ఏం పని చేసేవాడో ఎవరికీ తెలియదు.

అప్పుడు నేను చదవడం మొదలుపెట్టాను. ఆయన పుట్టింది పోర్చుగల్‌లోని లిస్బన్‌లో. బాగా చదువుకున్నాడు. మొరాకోలో విశ్వాసం కోసం చనిపోయిన అయిదుగురు ఫ్రాన్సిస్కన్ సోదరుల మృతదేహాలను తమ దేశానికి తీసుకొస్తే చూసి కదిలిపోయి, ఆ సన్యాసుల సభలో చేరాడు. తర్వాత ఇటలీలో ఒక కొండ మీది చిన్న మఠంలో పడ్డాడు. అక్కడ ఆయన పని వంటగదిలో గిన్నెలు కడగడం, ఊడవడం. ఆయనకు ఎంత చదువుందో ఎవరికీ తెలియదు, ఆయన చెప్పుకోలేదు. 1222లో ఫోర్లీ అనే పట్టణంలో గురుపట్టాభిషేకం, అంటే కొత్త ఫాదర్లకు పట్టం ఇచ్చే వేడుక, జరిగినప్పుడు ప్రసంగం ఎవరూ తయారు చేసుకుని రాలేదట. పెద్దలు ఈయన్ను లేపి, నోటికి వచ్చింది చెప్పమన్నారు. ఆ రోజు విన్నవాళ్లు నిర్ఘాంతపోయారు. నలభై నిండకుండానే 1231 జూన్ 13న చనిపోయాడు. ఏడాది తిరగకముందే ఆయన్ను పునీతుడిగా, అంటే సెయింటుగా, ప్రకటించారు.

ఇక పోయిన వస్తువుల సంగతి. అచ్చు పుస్తకాలు లేని కాలం. ఆయన దగ్గర చేత్తో రాసిన కీర్తనల పుస్తకం ఉండేది. శిష్యులకు పాఠం చెప్పడానికి అందులో తన నోట్సు రాసుకున్నాడు. మఠం వదిలి పారిపోతూ ఒక కుర్రవాడు దాన్ని ఎత్తుకుపోయాడు. అంతోనివారు ప్రార్థన చేశారు, ఆ పిల్లవాడు మనసు మార్చుకుని పుస్తకం తెచ్చి ఇచ్చాడు అని సంప్రదాయం. అంటే ఆయన వెతికింది బంగారం కాదు, పాఠం చెప్పే పుస్తకం. ఆయనకు తిరిగి దొరికింది కూడా పుస్తకం ఒక్కటే కాదు, దారి తప్పిన పిల్లవాడు కూడా.

ఇదంతా కందులు చెరుగుతున్న అత్తమ్మ పక్కన కూర్చుని చెప్పాను. ఆమె చేట ఆపి, "బోళ్లు తోమిండా? అంత చదువుకున్నాయన?" అన్నది. ఆ ప్రశ్న దగ్గరే ఆమె చాలాసేపు ఆగిపోయింది. ఆమె జీవితంలో సగం బోళ్ల ముందే గడిచింది మరి. ఇప్పుడు బోరు దగ్గర గిన్నెలు ముందేసుకుని కూర్చున్నప్పుడు కూడా ఆయన పేరు తలుస్తుంది. అడగడానికి కాదు, తోడుగా.

నేను చెప్పాలనుకుంటున్నది ఇక్కడే ఉంది. మా అత్తగారి చర్చి పునీతులను అడగడానికి గుర్తు పెట్టుకుంది. మా అమ్మగారి చర్చి వాళ్లను అడుగుతారేమోనన్న భయంతో మొత్తానికే మరచిపోయింది. రెండు చోట్లా వాళ్ల రోజు ఎలా గడిచిందో చెప్పేవాళ్లు లేకుండా పోయారు. అద్భుతాలు మనం చేయలేం. వాళ్లు రోజూ చేసిన పని మాత్రం మనం చేయగలం. విశ్వాసం నిలబడేది ఆ పని దగ్గరే అని నా గట్టి నమ్మకం.

మా తమ్ముడు పాలమూరులో ఒక చిన్న సంఘంలో వాక్యం చెబుతాడు. వాడికి ఈ మాట నచ్చలేదు. "అక్కా, మనుషుల్ని తలకెత్తుకుంటే దేవుని మహిమ తగ్గదా?" అన్నాడు. వాడి భయం నాకు అర్థమవుతుంది, నేనూ అదే భయంతో పెరిగాను. కానీ హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం తెరిచి చూడమన్నాను. అది మొదటి నుంచి చివరిదాకా మనుషుల పేర్లే. అబ్రాహాము, మోషేలతో ఆగలేదు. వేశ్య అయిన రాహాబు ఉంది, ఒళ్లు తెలియని కోపంతో బతికిన సమ్సోను ఉన్నాడు, తొందరపడి మొక్కుకుని కూతురి ప్రాణం మీదికి తెచ్చిన యెఫ్తా ఉన్నాడు. ఆ పేర్లన్నీ చెప్పాకే పన్నెండో అధ్యాయంలో, ఇంతమంది సాక్షులు మేఘంలా మన చుట్టూ ఉన్నారు, ఓపికతో పరుగెత్తండి అంటాడు. పౌలు పరిశుద్ధులని పిలిచిందీ గోడ మీది ఫొటోలను కాదు. కొరింథులో కోర్టులకెక్కి కొట్లాడుకుంటున్న మామూలు విశ్వాసులను. తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పోయిన నెల మాత్రం ప్రసంగంలో రాహాబు గురించి చెప్పాడట.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. ఒక రాత్రి డ్యూటీలో మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దమనిషి మగవాళ్ల వార్డులో ఉన్నాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వెన్ను విల్లులా వంగిపోయింది. మెడ తిరగదు, మోకాళ్లు చాపలేడు. అలాంటి మనిషి వెల్లకిలా పడుకోలేడు, ఒక పక్కకే ఒత్తిగిల్లి ఉంటాడు, అందుకని ఆ పక్క పుండు పడింది. పుండు వాసన వార్డంతా ఉంది. కొడుకు హైదరాబాద్‌లో కూలి పనికి పోయాడు. పక్కన ఎవరూ లేరు. ఆయన మంచం దగ్గర నుంచి నేను రెండుసార్లు నడిచి వెళ్లిపోయాను. పని ఎక్కువగా ఉన్న మాట నిజమే. అయితే నేను ఆగకపోవడానికి కారణం అది కాదు. నాకు రోత పుట్టింది.

ఆ వారమే నేను చదువుతున్న జీవితం మార్టిన్ దె పోరెస్‌ది. 1579లో పెరూ దేశంలోని లీమాలో పుట్టాడు. తండ్రి స్పెయిన్ పెద్దింటివాడు. తల్లి బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి స్త్రీ. జ్ఞానస్నానం (బాప్తిస్మం) రిజిస్టర్‌లో తండ్రి పేరు తెలియదని రాశారు. పన్నెండేళ్ల వయసులో మంగలి పనికి చేర్చారు. అప్పట్లో ఆ పనిలో వైద్యం కూడా ఒక భాగం. మన ఊళ్లలోనూ ఒకప్పుడు మంగలి పెద్దలే కురుపు కోసి కట్టు కట్టేవాళ్లు కదా. మఠంలో చేరదామంటే నల్లజాతి రక్తం ఉన్నవాళ్లకు సభలో పూర్తి చోటు లేదనే నియమం అడ్డొచ్చింది. సరే, పనివాడిగా ఉంటానన్నాడు. ఊడ్చాడు, బట్టలు ఉతికాడు, జుట్టు కత్తిరించాడు, రోగుల గది చూసుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత బ్రదర్‌గా తీసుకున్నారు. 1639లో చనిపోయాడు. పునీతుడని ప్రకటించింది 1962లో. నడుమ మూడు వందల ఏళ్లకు పైనే ఉంది. ఆయన బొమ్మ ఎక్కడ చూసినా చేతిలో చీపురు ఉంటుంది.

జ్ఞానోపదేశం క్లాసులో పిల్లలకు ఆయన గురించి చెప్పేది ఎలుకలతో మాట్లాడాడని, ఒకేసారి రెండు చోట్ల కనిపించాడని. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. వీధిలో పడి ఉన్న ఒళ్లంతా పుండ్ల మనిషిని తీసుకొచ్చి తన మంచం మీద పడుకోబెట్టాడట. పక్క పాడైందని ఒక సోదరుడు కసిరితే, దుప్పటి మరక కొంచెం సబ్బుతో పోతుంది, దిక్కులేనివాడిని కసురుకుంటే నా ఆత్మకు పట్టే మరక ఎంత కన్నీటితోనూ పోదు అన్న అర్థం వచ్చేలా చెప్పాడంటారు.

మూడోసారి ఆ మంచం దగ్గర ఆగాను. సెలైన్‌తో కడిగి డ్రెస్సింగ్ చేశాను. వంగిన వెన్నుకు, మోకాళ్లకు నడుమ ఎక్కడెక్కడ దిండు పెడితే నొప్పి తగ్గుతుందో ఆయన్నే అడిగి, పాత దుప్పట్లు చుట్ట చుట్టి పెట్టాను. మొత్తం అరగంట పట్టింది. "నీ పేరేంది బిడ్డా?" అని అడిగాడు. చెప్పాను. నాకు దర్శనం ఏమీ కలగలేదు. రోత కూడా వెంటనే పోలేదు, చేతులు కడుక్కున్నాక కూడా ఉంది. కానీ లీమాలో ఒకాయన ఇదే పని నలభై ఏళ్లకు పైగా చేశాడన్న సంగతి ఆ రాత్రి నా చేతులను కదిలించింది. పునీతుల జ్ఞాపకం ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్న సాక్ష్యం ఇదే.

నర్సుగా నాకు దగ్గరైన ఇంకొకావిడ మేరీ గ్లౌరీ. మెల్‌బోర్న్‌లో కంటి డాక్టరు. మంచి ప్రాక్టీసు వదిలి 1920లో గుంటూరు వచ్చి, సిస్టర్ అయి, మొత్తం జీవితం తెలుగు ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేసింది. ఈమె పేరు నల్లగొండలో ఎంతమంది విన్నారు? ఇసిదోరు పేరు? ఆయన మాడ్రిడ్ దగ్గర వేరేవాళ్ల భూమిలో దున్నిన జీతగాడు. 1622లో ఇగ్నాసివారు, ఫ్రాన్సిస్ శౌరివారు, ఆవిలా తెరేజమ్మ లాంటి మహామహుల పక్కన అదే రోజు, అదే పీటం మీద ఆ జీతగాడిని కూడా పునీతుడన్నారు. పాలమూరు నుంచి బొంబాయికీ పూణేకూ మూటలు కట్టుకుని వలసపోయిన మా చిన్నాయనలకు ఈయన గురించి ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే, మట్టి మోసే పని దేవుని లెక్కలో చిన్నది కాదని వాళ్లు ఎప్పుడో వినేవాళ్లు.

జ్ఞాపకం ఓదార్పు ఇవ్వడంతో ఆగకూడదు, నిలదీయాలి కూడా. 2022 మే 15న దేవసహాయంను పునీతుడిగా ప్రకటించారు. మన దేశంలో గురువూ కాని, మఠవాసీ కాని సంసారికి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. తిరువాన్కూరు రాజ్యంలో ఉద్యోగి. 1745లో జ్ఞానస్నానం తీసుకున్నాడు, కులం చూడకుండా అందరితో కలిసి మెలిగాడు, చెరసాల పాలై 1752లో తుపాకీ గుండుకు చనిపోయాడు. చాలాకాలం ఆయన పేరు చివర కులం పేరు తగిలించి రాసేవాళ్లు. రోమ్ ప్రకటనకు ముందు దాన్ని తీసేసింది. మంచి పని చేసింది. మరి మన దగ్గర? ఒకే ఊళ్లో మాలవాళ్లదో గుడి, మాదిగవాళ్లదో గుడి. ఒకే సిలువ కింద రెండు సమాధుల తోటలు. పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి ప్రార్థనాపరురాలైన అమ్మాయి కావాలంటారు, ఆ వెంటనే ఏమోళ్లు అని అడుగుతారు. అదే 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల అంతోనిగారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లో మొదటివారు. ఊరేగింపులు చేశాం, ఫ్లెక్సీలు కట్టాం. సమాధుల తోట నడుమ గోడ మాత్రం అలాగే ఉంది. దేవసహాయం పండుగ చేసుకుని ఆ గోడను అలాగే ఉంచుకుంటే, మనం ఆయన్ను గుర్తు పెట్టుకున్నట్టు నేను ఒప్పుకోను.

ఇంకో మాట. ఆయన భార్య కూడా జ్ఞానస్నానం తీసుకుంది. తెరేజ అనే పేరుకు తమిళంలో జ్ఞానపూ అని పెట్టుకుంది. భర్తను కట్టేసి ఊరూరా తిప్పుతుంటే ఆమె ఎలా బతికిందో ఎంతమంది చెబుతారు?

ఇది నన్ను మా ఊరికి తీసుకొస్తుంది. తెలుగు నేల మీద పుట్టినవాళ్లలో ఇంతవరకు రోమ్ ప్రకటించిన పునీతులు లేరు. పెద్దఅవుటపల్లిలో 1945లో కన్నుమూసిన బ్రదర్ జోసఫ్ తంబి దగ్గరికి ఏటా జనం పోతారు. ఆయన దైవసేవకుడు, అది మొదటి మెట్టు. నల్లగొండ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఏర్పడిందే 1976లో. మా ఎం.బి. చర్చిలో అలాంటి ప్రకటనలే లేవు. అయితే మన దగ్గర పరిశుద్ధులు లేరనుకోవాలా?

1889లో అబ్రాహాము ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ అనే దంపతులు ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి బయలుదేరి వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టారు. 1907లో కాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి వచ్చి, నాగర్‌కర్నూల్‌లో, తర్వాత శంషాబాద్‌లో వైద్యం చేసి, 1945లో ఇక్కడే చనిపోయింది. వీళ్ల పేర్లయినా ఎక్కడో రాసి ఉన్నాయి. వాళ్ల ముందు నడిచి, ఏ వాడలో ఎవరి గుమ్మం తొక్కాలో చూపించిన మనవాళ్ల పేర్లే పోయాయి. 1878లో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌదొర ఆధ్వర్యంలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి అందరికీ తెలుసు. అంతకు పన్నెండేళ్ల ముందే ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం చేస్తూ ఊరూరా తిరిగి సువార్త చెప్పిన యర్రగుంట్ల పేరయ్యను, ఆయన భార్య నాగమ్మను ఎంతమంది తలుస్తారు?

మా నాయనమ్మ మిషన్ వాళ్ల దగ్గర బైబిల్ స్త్రీగా చేసింది. కోడి కూయకముందు లేచి జొన్నలు విసిరేది. మధ్యాహ్నం దాకా కలుపు తీసేది. పొద్దు వాలాక సంచిలో బైబిలు, చేతిలో కందిలి పట్టుకుని రెండు మూడు ఊర్ల వాడలకు నడిచేది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. రాయడం సరిగా రాదు. పదిమంది ఆడపిల్లలకు మాత్రం అక్షరాలు నేర్పింది. కాన్పు కష్టమైతే ఏ ఇంటివాళ్లు పిలిచినా పోయేది, పగలు ఆమెను బావి దగ్గరికి రానివ్వని ఇంటికైనా సరే. ఆమెకు కోపం కూడా ఎక్కువే. ఒకసారి మా అమ్మతో మూడు నెలలు మాట్లాడలేదు. ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. లాటిన్‌లోకి బైబిలు తెచ్చిన జెరోమ్‌వారి నోటి దురుసు పదహారు వందల ఏళ్లుగా అందరికీ తెలుసు, అయినా ఆయన పునీతుడే. మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో బయటికొచ్చాక, దేవుడు దగ్గర లేడన్న చీకటిలో ఆమె ఏళ్ల తరబడి పని చేసిందని తెలిసింది. నాన్న పోయాక ఏడాది పాటు నాకు ప్రార్థన రాలేదు. ఆ ఏడాది నన్ను చర్చిలో కూర్చోబెట్టింది మదర్ తెరెసా చిరునవ్వు కాదు, ఆ చీకటి. మచ్చలు తుడిచేసి చెబితే మనలాంటివాళ్లకు ఆ జీవితాల్లో చోటే ఉండదు.

ఊళ్లో అందరికీ నాయనమ్మ బైబిలమ్మే. ఇంట్లో మాకు అవ్వ. ఆమె అసలు పేరు నాకు నా పెళ్లి పత్రిక రాయించేటప్పుడు తెలిసింది. మా చర్చి గోడ మీద నల్లరాతి పలకలు చాలా ఉన్నాయి. ఫ్యాన్లు ఇచ్చినవాళ్లు, మైకు సెట్టు ఇచ్చినవాళ్లు, గేటు పెట్టించినవాళ్లు. వాళ్లకు వందనాలు. ఆ గోడ కట్టకముందు, తాటాకు పందిరి కింద నలుగురిని కూర్చోబెట్టినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఇది అన్యాయమని నేను గట్టిగా అంటాను. నెలకో ఆదివారం పది నిమిషాలు చాలు. మార్టిన్‌దో, బైబిలమ్మదో, ఒక్క జీవితం సంఘం ముందు చదవండి. ఏం అద్భుతం చేశారో తర్వాత. ముందు ఆ మనిషి పొద్దున లేచి ఏం చేసిందో చెప్పండి. ఆర్‌సీఎం గుడిలో అయినా, మా గుడిలో అయినా.

నేను ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. ఊరికి పోయినప్పుడల్లా ఎనభై దాటిన అవ్వల దగ్గర కూర్చుంటున్నాను. మొదట వాళ్లు ఏసయ్య దయ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. వాన పడితే ప్రార్థన ఎక్కడ చేసేవాళ్లు, రాత్రి కందిలికి నూనె ఎవరు పోసేవాళ్లు అని అడిగితే అప్పుడు మొదలవుతుంది. ఇప్పటికి పందొమ్మిది పేర్లు రాశాను. అందులో పదమూడు ఆడవాళ్లవి.

ఈసారి నవంబరు 2న, సమాధుల పండుగకు, అత్తమ్మ కూడా నాతో మా ఊరు వస్తానన్నది. తుమ్మకంప నరికించాం. నాయనమ్మ సమాధికి సున్నం వేశాం. అది ఆరేదాకా ఆగి నల్లరంగు, సన్న కుంచె తీసుకుని నేనే ఆమె పేరు రాశాను. అసలు పేరు, కింద బైబిల్ స్త్రీ అని. అక్షరాలు కొంచెం వంకర పోయాయి. అత్తమ్మ పక్కన నిలబడి చూస్తూ, "ఈమె ఏం చేసేది?" అని అడిగింది. కందిలి సంగతి, కాన్పుల సంగతి, అక్షరాల సంగతి చెప్పాను. ఆమె కొంగులోంచి కొవ్వొత్తి తీసింది. గాలికి ఆరిపోతుంటే నేను చేతులు అడ్డం పెట్టాను.

"మరి ఇది ఎవరిది?" అని పక్కన ఉన్న మట్టి దిబ్బ చూపించింది. దాని మీద రాయి లేదు. నాకు తెలియదు. డబ్బాలో ఇంకా రంగు మిగిలి ఉంది. గేటు దగ్గర చెట్టు కింద ఊరి పెద్దాయన ఒకరు కూర్చుని ఉంటే, నోట్‌బుక్ తీసుకుని అడగడానికి అటు నడిచాను.